మధ్యయుగపు రంగుల చెక్క శిల్పాల శాస్త్రీయ అధ్యయనం

ఐరోపా చర్చిలలో సుమారు 9వ శతాబ్దం నుండి 16వ శతాబ్ది ఆరంభం వరకు చెక్కతో చేసి, రంగులు పూసి, బంగారు రేకు అతికించిన శిల్పాలను భౌతిక, రసాయన, జీవశాస్త్ర పద్ధతులతో పరీక్షించడాన్ని మధ్యయుగపు రంగుల చెక్క శిల్పాల శాస్త్రీయ అధ్యయనం అంటారు. శిల్పం ఏ చెట్టు నుండి వచ్చింది, ఆ చెట్టు ఎప్పుడు పెరిగింది, రంగులు ఏ పదార్థాలతో తయారైనవి, మొదట వేసిన రంగు ఏది, తరువాత ఎన్నిసార్లు రంగులు మార్చబడినవి అనే ప్రశ్నలకు ఈ అధ్యయనం సమాధానాలు వెదకుతుంది. కళా చరిత్రకారులు, రసాయన శాస్త్రవేత్తలు, వృక్ష శాస్త్రవేత్తలు మరియు పరిరక్షకులు కలిసి పనిచేయవలసిన రంగం ఇది.

ఈ శిల్పాలపై రంగు కేవలం అలంకారం కాదు. మధ్యయుగంలో శిల్పి పని సగం, చిత్రకారుని పని సగంగా శిల్పం పూర్తయ్యేది. అందువలన రంగు పొర పోతే శిల్పంలో సగభాగం పోయినట్లే. ఒకసారి తొలగించిన పొరను మరల తేలేము కనుక, ఏ పొర ఏ కాలానిదో ముందుగా తెలిసికొనడం ఈ అధ్యయనపు ముఖ్య ప్రయోజనం.

నేపథ్యం

మధ్యయుగపు చర్చిలలో సిలువ వేయబడిన క్రీస్తు, బాలయేసును ఒడిలో ఉంచుకొన్న మేరీ మాత, వివిధ పునీతుల శిల్పాలు విరివిగా ఉండేవి. బలిపీఠం వెనుక నిలిపే పెద్ద శిల్పఫలకాలలో పదుల కొద్దీ బొమ్మలు ఉండేవి. పోలెండ్‌లోని క్రాకోవ్ నగరంలో సెయింట్ మేరీ చర్చి కొరకు ఫైట్ ష్టోస్ 1477 - 1489 మధ్య చేసిన బలిపీఠ శిల్పం వీటిలో ప్రసిద్ధమైనది. దీనికి 2015 - 2021 మధ్య విస్తృతమైన పరీక్షలు, పరిరక్షణ పనులు జరిగాయి.

16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్కరణోద్యమం కాలంలో అనేక ప్రాంతాలలో శిల్పాలు ధ్వంసమయ్యాయి. జూరిచ్‌లో 1524లో చర్చిల నుండి విగ్రహాలు తొలగించబడినవి. నెదర్లాండ్స్ ప్రాంతంలో 1566లో పెద్ద ఎత్తున విగ్రహ విధ్వంసం జరిగింది. మిగిలిన శిల్పాలకు మరొక రకమైన మార్పులు జరిగాయి. కొవ్వొత్తుల మసి పట్టినపుడు, రంగు పెచ్చులూడినపుడు, లేదా కాలానుగుణంగా అభిరుచి మారినపుడు వాటికి మరల రంగులు వేసేవారు. ఈ విధంగా ఒకే శిల్పంపై పలు శతాబ్దాల రంగులు ఒకదానిపై ఒకటి పేరుకొన్నాయి.

19, 20వ శతాబ్దాలలో దీనికి విరుద్ధమైన ధోరణి బయలుదేరింది. చెక్క సహజమైన అందం కనబడాలని కొందరు, అడుగున ఉన్న తొలి రంగు చూడాలని మరికొందరు శిల్పాలను క్షారజలంతో కడిగి, కత్తులతో గీకి పై పొరలను తొలగించారు. నేడు మ్యూజియంలలో కనబడే రంగులేని చెక్క శిల్పాలలో చాలావాటికి ఒకప్పుడు రంగులు ఉండేవి.

తయారీ విధానం

శాస్త్రీయ పరీక్షల ఫలితాలు అర్థం కావాలంటే ఈ శిల్పాల తయారీ క్రమం తెలియాలి.

చెక్క: సాధారణంగా ఆ ప్రాంతంలో దొరికే చెట్టునే వాడేవారు. దక్షిణ జర్మనీలో మెత్తగా చెక్కడానికి అనువైన లిండెన్, ఉత్తర జర్మనీ, నెదర్లాండ్స్, స్కాండినేవియా ప్రాంతాలలో ఓక్, ఫ్రాన్సులో అక్రోటు, ఇటలీలో పోప్లార్ ఎక్కువగా కనబడతాయి. చెక్క ఎండేటప్పుడు పగుళ్ళు రాకుండా శిల్పం వెనుక భాగాన్ని తొలిచి బోలుగా చేసేవారు. ఈ బోలు భాగాలు ఒక్కొక్కసారి చారిత్రక ఆధారాలను దాచి ఉంచుతాయి. జర్మనీలోని ల్యూబెక్ కెథడ్రల్‌లో బెర్న్ట్ నోట్కె 1477లో పూర్తి చేసిన పెద్ద సిలువ శిల్ప సమూహాన్ని 1970లలో పునరుద్ధరించినపుడు, బొమ్మల లోపల నోట్కె పేరు, అతని సహాయకుల పేర్లు వ్రాసిన చీటీలు బయటపడినవి.

అస్తరు పూత: చెక్క అతుకులపై గుడ్డ గాని పలుచని తోలు గాని అతికించి, దానిపై సుద్దను జంతువుల చర్మం నుండి కాచి తీసిన జిగురుతో కలిపి పలుమార్లు పూసేవారు. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన సాధారణంగా సుద్దను, దక్షిణాన జిప్సమును వాడేవారు. ఈ ఒక్క తేడా వలననే శిల్పం ఏ ప్రాంతంలో తయారైనదో ఊహించే అవకాశం కలుగుతుంది.

లోహపు రేకు: బంగారు రేకు కింద నునుపైన ఎర్ర బంకమట్టి పూత వేసి, రేకు అతికించి, గట్టి రాయితో గాని జంతువు పంటితో గాని రుద్ది మెరుగు పెట్టేవారు. ఖర్చు తగ్గించుకొనడానికి వెండి రేకుపై పసుపు వార్నిష్ పూసి బంగారం వలె కనబడేట్లు చేసేవారు. 15వ శతాబ్దంలో తగరపు రేకును చెక్కిన అచ్చులో ఒత్తి, జరీ వస్త్రం వలె కనబడే అలంకరణలను బొమ్మల దుస్తులపై అతికించే పద్ధతి వ్యాప్తిలో ఉండేది.

రంగులు: ఎరుపుకు ఇంగిలీకం, సిందూరం; తెలుపుకు సీసపు తెలుపు; ఆకుపచ్చకు రాగి చిలుము; పసుపుకు హరిదళం, సీసము-తగరముల పసుపు; నీలానికి అజురైట్, ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుండి వచ్చిన లాజవర్దపు రాయి వాడేవారు. పారదర్శకమైన ఎరుపు పూతల కొరకు కీటకాల నుండి, మొక్కల నుండి తీసిన రంగులు వాడేవారు. భారతదేశం, ఆగ్నేయాసియాల నుండి ఎగుమతి అయిన లక్క రంగు కూడా మధ్యయుగపు ఐరోపాకు చేరింది. రంగును గుడ్డు సొనతో గాని, అవిసె నూనెతో గాని, జిగురుతో గాని కలిపేవారు.

ఈ విధానాలకు వ్రాతపూర్వక ఆధారాలు కూడా కలవు. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే సన్యాసి లాటిన్ భాషలో వ్రాసిన గ్రంథం, సుమారు 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ వ్రాసిన గ్రంథం వీటిలో ముఖ్యమైనవి. గ్రంథాలలో చెప్పిన దానికి, పనివారు నిజంగా చేసిన దానికి గల పోలికలను, తేడాలను ప్రయోగశాల పరీక్షలు బయటపెడతాయి.

అధ్యయన పద్ధతులు

పరిశోధన సాధారణంగా శిల్పాన్ని తాకనవసరం లేని పరీక్షలతో మొదలై, అవసరమైతేనే చిన్న నమూనా తీసే పరీక్షల వరకు వెళుతుంది.

వెలుగుతో పరీక్ష: మొదట శిల్పాన్ని భూతద్దంతో, సూక్ష్మదర్శినితో క్షుణ్ణంగా చూస్తారు. పక్క నుండి వెలుగు ప్రసరింపజేస్తే ఉలి గుర్తులు, రంగు ఉబ్బులు స్పష్టమవుతాయి. అతినీలలోహిత కాంతిలో పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది. తరువాతి కాలంలో దిద్దిన భాగాలు తరచు నల్లని మచ్చలుగా కనబడతాయి.

ఎక్స్-రే మరియు సి.టి. స్కాన్: ఎక్స్-కిరణాలను రాంట్‌జెన్ 1895లో కనుగొన్నాడు. ఆ మరుసటి సంవత్సరమే ఒక చిత్రపటాన్ని ఎక్స్-రే తీశారు. సీసం, పాదరసం వంటి బరువైన మూలకాలు గల రంగులు, ఇనుప మేకులు ఎక్స్-రే చిత్రంలో తెల్లగా కనబడతాయి. అయితే శిల్పానికి ముందు వెనుకల భాగాలన్నీ ఒకే చిత్రంలో కలిసిపోతాయి. ఆసుపత్రులలో వాడే సి.టి. స్కాన్ ఈ ఇబ్బందిని తొలగించింది. దీనితో శిల్పాన్ని పొరలు పొరలుగా చూసి, ఎన్ని చెక్క ముక్కలు అతికారో, లోపల అవశేషాలు దాచిన గూళ్ళు ఉన్నాయో లేవో, పురుగులు ఎంత లోతుగా తొలిచాయో తెలిసికొనవచ్చును.

వృక్షవలయ కాలనిర్ణయం: చెట్టులో ప్రతి సంవత్సరం ఒక వలయం ఏర్పడుతుంది. వర్షం బాగున్న సంవత్సరం వలయం వెడల్పుగా, లేని సంవత్సరం ఇరుకుగా ఉంటుంది. ఈ వెడల్పుల వరుసను అదే ప్రాంతానికి సిద్ధం చేసిన ప్రామాణిక వరుసతో పోల్చి వలయాలు ఏ సంవత్సరాలవో నిర్ణయిస్తారు. 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఏ.ఈ. డగ్లస్ ఈ పద్ధతికి పునాది వేశాడు. ఓక్ చెక్కకు ఇది బాగా పనిచేస్తుంది. శిల్పి బెరడు పక్కనున్న లేత చెక్కను తీసివేసి చేవను మాత్రమే వాడితే, చెట్టును నరికిన సంవత్సరాన్ని కచ్చితంగా కాక అంచనాగా మాత్రమే చెప్పగలరు. లిండెన్ చెక్కకు ఈ పద్ధతి అంతగా ఉపయోగపడదు.

రేడియో కార్బన్ పరీక్ష: విలార్డ్ లిబ్బీ 1940ల చివరలో రూపొందించిన ఈ పద్ధతికి 1960లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. జీవి చనిపోయిన తరువాత దానిలోని కార్బన్-14 క్రమంగా తగ్గుతుంది. దాని అర్ధజీవిత కాలం సుమారు 5730 సంవత్సరాలు. నేటి యంత్రాలకు కొన్ని మిల్లీగ్రాముల చెక్క సరిపోతుంది. ఈ పరీక్ష చెప్పేది చెట్టు పెరిగిన కాలాన్నే గాని చెక్కిన కాలాన్ని కాదు.

అడ్డుకోత నమూనా: అప్పటికే రంగు పెచ్చూడిన చోట అంచు నుండి, మిల్లీమీటరు కంటే చిన్న ముక్కను తీసి, పారదర్శకమైన రెసిన్‌లో బిగించి, అంచును నునుపుగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. అస్తరు నుండి పై వార్నిష్ వరకు గల పొరలన్నీ వరుసగా కనబడతాయి. రెండు రంగు పొరల నడుమ మసి, దుమ్ము ఉంటే ఆ రెండింటి మధ్య చాలాకాలం గడిచినదని భావిస్తారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే సుద్దలోని అతిసూక్ష్మమైన సముద్రజీవుల శిలాజ కవచాలు కూడా కనబడతాయి. జిప్సంలో ఇవి ఉండవు.

వర్ణద్రవ్యాల గుర్తింపు: ఎక్స్-రే ఫ్లోరసెన్స్ పద్ధతిలో రంగులో ఏ మూలకాలు ఉన్నవో నమూనా తీయకుండానే తెలుస్తుంది. పాదరసం కనబడితే ఇంగిలీకమని, రాగి కనబడితే అజురైట్ గాని చిలుము గాని కావచ్చునని ఊహిస్తారు. ఈ ఊహను నిర్ధారించడానికి రామన్ వర్ణపటమాపనం తోడ్పడుతుంది. సి.వి. రామన్ 1928లో కలకత్తాలో కనుగొన్న రామన్ ఎఫెక్ట్ దీనికి ఆధారం. లేజరు కాంతి పదార్థంపై పడి చెదిరినపుడు వచ్చే మార్పును బట్టి అది ఏ సమ్మేళనమో గుర్తిస్తారు. నూనె, గుడ్డు, జిగురు వంటి సేంద్రియ పదార్థాలకు పరారుణ వర్ణపటమాపనం, వాయు క్రోమటోగ్రఫీ వాడతారు.

కొన్ని రంగులు కాలాన్ని సూచించే ఆనవాళ్ళు. ప్రష్యన్ నీలం 18వ శతాబ్ది ఆరంభంలో బెర్లిన్‌లో కనుగొనబడింది. కోబాల్ట్ నీలం 1802లో, కృత్రిమ లాజవర్దపు నీలం 1820లలో, టైటానియం తెలుపు 20వ శతాబ్ది ఆరంభంలో వాడుకకు వచ్చాయి. ఒక పొరలో ప్రష్యన్ నీలం ఉంటే ఆ పొర, దానిపైనున్న పొరలన్నీ 1700 తరువాతివే అని నిశ్చయించవచ్చును.

ముఖ్యమైన ఫలితాలు

గేరో సిలువ: జర్మనీలోని కొలోన్ కెథడ్రల్‌లో ఉన్న ఈ ఓక్ చెక్క క్రీస్తు శిల్పం ఎత్తు 187 సెంటీమీటర్లు. గేరో 969 నుండి 976 వరకు కొలోన్ ఆర్చిబిషప్‌గా ఉన్నాడు. ఈ శిల్పం అంత పాతది కాదని కొందరు పండితులు భావించేవారు. 1976లో జరిగిన వృక్షవలయ పరీక్ష ఇది 10వ శతాబ్ది ఉత్తరార్ధానికి చెందినదని బలపరచింది.

లుక్కా సిలువ: ఇటలీలోని లుక్కా కెథడ్రల్‌లో "పవిత్ర ముఖం" అని పిలువబడే చెక్క సిలువ శిల్పం 8వ శతాబ్దంలో అక్కడికి చేరినదని స్థానిక ఐతిహ్యం. పూర్వపు శిల్పం పోగా 12వ శతాబ్ది ప్రాంతంలో చేసిన ప్రతిరూపమే ఇప్పుడున్నదని చాలామంది కళా చరిత్రకారులు నమ్మేవారు. 2020లో ఇటలీ జాతీయ అణు భౌతిక సంస్థ చెక్కపైన, దానికి అతికి ఉన్న గుడ్డపైన రేడియో కార్బన్ పరీక్ష జరిపి, ఈ శిల్పం 8వ శతాబ్ది చివరకు, 9వ శతాబ్దానికి మధ్య కాలానిదని వెల్లడించింది. దీనితో ఇది పశ్చిమ ఐరోపాలో నిలిచియున్న అతి పురాతన చెక్క శిల్పాలలో ఒకటిగా గుర్తింపు పొందింది.

మ్యూనర్‌ష్టాట్ బలిపీఠం: టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1490 - 1492 మధ్య లిండెన్ చెక్కతో చేసిన ఈ శిల్పాలు మొదట రంగులు లేకుండానే ప్రతిష్ఠించబడినవి. 1504లో ఫైట్ ష్టోస్ వాటికి రంగులు వేశాడు. తరువాత ఆ రంగులు తొలగించబడినవి. కనుక నేడు కనబడే రంగులేని చెక్క మొదటి స్థితి వలె ఉన్నా, నిజానికి రెండు మార్పుల ఫలితం. మొదట రంగులు లేని శిల్పాలను గుర్తించడానికి పరిశోధకులు కొన్ని ఆనవాళ్ళను చూస్తారు. అస్తరు పూస్తే పూడిపోయేంత సన్నని ఉలి నగిషీలు దుస్తుల అంచులపై ఉండడం, చెక్కపై నేరుగా లేత ఛాయ గల పలుచని పూత ఉండడం, కనుపాపలకు, పెదవులకు మాత్రమే రంగు అద్దడం వీటిలో ముఖ్యమైనవి. జర్మన్ పరిరక్షకుడు యోహన్నెస్ టాబెర్ట్ రంగుల శిల్పాలపై వ్రాసిన వ్యాసాల సంపుటి 1978లో ప్రచురితమై ఈ రంగానికి ఆధార గ్రంథమయింది.

నార్వే చిత్రఫలకాలు: 13వ శతాబ్ది మధ్య నుండి 14వ శతాబ్ది మధ్య వరకు నార్వేలో చేసిన బలిపీఠ చిత్రఫలకాలను పరీక్షించినపుడు రంగులను నూనెలో కలిపి వాడినట్లు తేలింది. తైలవర్ణ చిత్రణను 15వ శతాబ్దంలో యాన్ వాన్ ఐక్ కనిపెట్టాడని ఇటలీ రచయిత వసారి 1550లో వ్రాసిన కథనం ఇటువంటి పరీక్షలతో చెల్లకుండా పోయింది.

జంట లోహపు రేకు: బంగారాన్ని వెండితో కలిపి సాగగొట్టి, ఒకవైపు బంగారం, మరొకవైపు వెండి ఉండేట్లు చేసిన రేకును మధ్యయుగంలో చవకగా వాడేవారు. 1420 ప్రాంతంలో దక్షిణ జర్మనీలో తయారైనట్లు భావిస్తున్న, ప్రస్తుతం జూరిచ్‌లోని స్విస్ జాతీయ మ్యూజియంలో ఉన్న ఒక బలిపీఠం నుండి తీసిన సూక్ష్మ నమూనాను పాల్ షేరర్ సంస్థ శాస్త్రవేత్తలు ప్రత్యేక ఎక్స్-కిరణాలతో త్రిమితీయంగా చిత్రించారు. 2022లో ప్రచురితమైన ఈ ఫలితాల ప్రకారం అందులోని బంగారపు పొర మందం సుమారు 30 నానోమీటర్లు మాత్రమే. అప్పటి మామూలు బంగారు రేకు మందం సుమారు 140 నానోమీటర్లు. వెండి క్రమంగా బంగారం పైకి పాకి, గాలితో చర్య జరిపి నల్లబడినదని కూడా ఈ పరిశోధన చూపింది. నేడు నల్లగా కనబడే వస్త్రాలు ఒకప్పుడు బంగారు వన్నెలో మెరిసేవని దీనివలన అర్థమవుతుంది.

పరిమితులు

ఏ ఒక్క పరీక్షా సంపూర్ణమైన సమాధానం ఇవ్వదు. ఎక్స్-రే ఫ్లోరసెన్స్ కిరణాలు పలు పొరలను దాటి వెళ్ళుట వలన సీసం పై పొరలో ఉన్నదో, అడుగు పొరలో ఉన్నదో తెలియదు. అడ్డుకోత నమూనా ఆ చిన్న చోటు గురించే చెబుతుంది. ముఖంపై ఉన్న పొరల సంఖ్య, చేతిపై ఉన్న పొరల సంఖ్య వేరుగా ఉండవచ్చును. గతంలో పూసిన మైనం, జిగురు, రెసిన్ వంటివి రేడియో కార్బన్ ఫలితాన్ని, బంధక ద్రవ్యాల ఫలితాన్ని తారుమారు చేయగలవు. పాత దూలాన్ని తిరిగి వాడి చెక్కిన శిల్పానికి చెక్క వయసు, శిల్పం వయసు ఒకటి కావు. ఇటువంటి కారణాల వలన ప్రయోగశాల ఫలితాలను చర్చి లెక్కల పుస్తకాలు, ఒప్పంద పత్రాలు, శైలి పరిశీలనలతో కలిపి చదవవలసి ఉంటుంది.

ఏ పొరను నిలుపవలెను?

ఈ అధ్యయనంలో అతి క్లిష్టమైన ప్రశ్న సాంకేతికమైనది కాదు. తొలి రంగు అడుగున ఉన్నదని తెలిసిన తరువాత పై పొరలను తీయవచ్చునా అనేదే ఆ ప్రశ్న. పై పొర కూడా ఒక కాలపు భక్తుల కానుక, ఒక చిత్రకారుని పని.

స్విట్జర్లాండ్‌లోని ఐన్‌సీడెల్న్ మఠంలో గల 15వ శతాబ్దపు మేరీ మాత శిల్పం ఇందుకు చక్కని ఉదాహరణ. 1799లో దానిని శుభ్రం చేసిన చిత్రకారుడు, ముఖం మొదట చర్మపు రంగులో ఉండేదని, దీపాల పొగ వలన నల్లబడినదని తెలిపాడు. కాని యాత్రికులు నల్లని ముఖానికే అలవాటుపడి ఉన్నందున అతడు మరల నల్లరంగే వేశాడు. అప్పటి నుండి ఆ నలుపు పొగ వలన వచ్చినది కాదు, కావాలని వేసినది. ఫ్రాన్సులోని షార్ట్ర్ కెథడ్రల్‌లో ఇందుకు వ్యతిరేకంగా జరిగింది. 16వ శతాబ్ది ఆరంభానికి చెందిన, నల్లని మేరీ మాతగా పేరొందిన శిల్పానికి పునరుద్ధరణలో లేత వర్ణపు ముఖం ఇచ్చినపుడు 2014లో తీవ్రమైన వాదోపవాదాలు చెలరేగాయి. తరతరాల యాత్రికులు ఎరిగిన రూపం పోయినదని విమర్శకులు, పాత రూపమే తిరిగి వచ్చినదని సమర్థకులు వాదించారు.

ఇటువంటి అనుభవాల వలన నేడు పొరలను తొలగించడం చాలా తగ్గింది. లేస్తున్న రంగు పెచ్చులను చేప జిగురు వంటి వాటితో తిరిగి అతికించడం, మసిని మాత్రమే తుడవడం, చెక్కను తొలిచే పురుగులను ఆమ్లజని లేని నత్రజని గదిలో ఉంచి చంపడం, చర్చిలోని తేమను స్థిరంగా ఉంచడం వంటి పనులకే పరిరక్షకులు ప్రాధాన్యత ఇస్తున్నారు. శీతాకాలంలో చర్చిని ఒక్కసారిగా వేడి చేసినపుడు చెక్క ముడుచుకొని రంగు ఊడిపోవడం ఈ శిల్పాలకు నేటికీ ఒక ప్రధానమైన ప్రమాదం. అడుగు పొరల రూపాన్ని తెలుపడానికి అసలు శిల్పాన్ని ముట్టకుండా కంప్యూటరులో రంగుల నమూనాలను తయారు చేస్తున్నారు.

బెల్జియంలో 1948లో ఏర్పడిన రాయల్ సాంస్కృతిక వారసత్వ సంస్థ, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయపు సాంస్కృతిక చరిత్ర మ్యూజియం మొదలైనవి ఈ అధ్యయనాలకు పేరొందిన కేంద్రాలు. రెసిన్‌లో బిగించిన అడ్డుకోత నమూనాలను పరీక్ష ముగిసిన తరువాత కూడా భద్రపరచవచ్చును. దశాబ్దాల క్రితం తీసిన నమూనాలను కొత్త యంత్రాలతో మరల పరీక్షించి, శిల్పం నుండి కొత్తగా ముక్క తీయకుండానే మరిన్ని విషయాలు తెలిసికొనుటకు దీనివలన వీలు కలుగుతుంది.